గుడ్డు కొలత కూడా అడగండి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర మత్స్యశాఖ కమిషనర్ గారికి,

కాకినాడ తీరంలో హేచరీల్లో బతుకు వెళ్లదీసినవాణ్ణి నేను. మొదట రొయ్య, తర్వాత పండుగప్ప. ఇప్పుడు చూపు ఆనక మైక్రోస్కోపు ముందు కూర్చోవడం తగ్గించాను గానీ, నా నోటుబుక్కులు మాత్రం పారెయ్యలేదు. మీకు విడిగా ఒక దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ నేను చెప్పబోయేది సీడు తీసేవాళ్లకూ, కొనేవాళ్లకూ, వాళ్లకు అప్పిచ్చే బ్యాంకువాళ్లకూ కూడా అక్కరకొచ్చే సంగతి. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

సంగతి చాలా చిన్నది. కొలిస్తే ముప్పావు మిల్లీమీటరు. పండుగప్ప గుడ్డు అంతే ఉంటుంది, 0.74 నుంచి 0.80 మిల్లీమీటర్ల దాకా. దాని పక్కన ఆవగింజ పెద్దన్న లాంటిది. అద్దంలా తేటగా ఉండి, లోపల ఒకే ఒక్క నూనె బొట్టు మెరుస్తుంది. ఎన్నో ఏళ్లు దాన్ని చూస్తూ గడిపాను. కానీ నన్ను ఎవరైనా అడిగింది ఎప్పుడూ ఒకటే: ‘ఎన్ని లక్షలు?’

ఒక రాత్రి గురించి చెబుతాను. అమావాస్య వెళ్లిన మర్నాడు. 5 కిలోలు దాటిన తల్లి, దానికి జోడీగా రెండు మగచేపలు. ముందురోజు పొద్దున్నే సూది వేశాం. మర్నాడు చీకటి పడి, సూది వేసి 36 గంటలు దాటుతుండగా ట్యాంకులో నీళ్లు ఒక్కసారిగా కదిలాయి. మగవి తల్లి పొట్టకు ఆనుకుని తిరగడం, తోక దెబ్బలు, కాసేపటికి గాలిలో పచ్చి జన వాసన. టార్చి పక్కవాటుగా వేసి చూస్తే నీటిమీద సన్నటి మీగడ కట్టినట్టు గుడ్లు. పొద్దున్నే యజమాని ఫోను. ‘ఎన్నొచ్చాయి?’ నీళ్లు కలియబెట్టి, బీకరులో ముంచి, లెక్కకట్టి చెప్పాం: పన్నెండు లక్షలు. ఆ రాత్రి మళ్లీ పెట్టింది, ఏడు లక్షలు. మూడో రాత్రి నాలుగు. యజమాని మూడూ కూడుకున్నాడు. ఇరవై మూడు లక్షలు. ఆ అంకే భాగస్వాములకు వెళ్లింది, ఆ అంకే గోడమీద బోర్డుకెక్కింది.

నేను మాత్రం మూడు రాత్రుల గుడ్లనూ విడివిడిగా స్కేలు కింద పెట్టి కొలిచాను. రాత్రికి యాభై చొప్పున. మొదటి రాత్రి సగటు 0.78. మూడో రాత్రి 0.75. ‘నూరింట మూడు వంతులకు ఇంత హైరానా ఎందుకు సార్’ అన్నాడు మా కుర్రాడు. అదీ నిజమే అనిపిస్తుంది, గుడ్డు గుండ్రంగా ఉంటుందని గుర్తుకొచ్చేదాకా. అడ్డుకొలత 4 శాతం పెరిగితే లోపలి పరిమాణం 12 శాతం పైచిలుకు పెరుగుతుంది. 0.74కూ 0.80కీ మధ్య తేడా చూపుకు ఆనదు. లోపలి చోటు లెక్కగడితే నాలుగో వంతుకు పైగా ఎక్కువ. మూడో రాత్రి గుడ్లలో మునిగినవి ఎక్కువ, పగిలి పిల్లయినవి తక్కువ. పిల్లయినవి కూడా మూడోనాటికి నోరు తెరిచి రోటిఫర్ అనే సూక్ష్మజీవుల మేత మీదికి ఎగబడకుండా అలా నీళ్లలో వేలాడుతూ ఉండిపోయాయి.

ఇది ఒక్క తల్లి కథ, ఒక్క హేచరీ కథ. దీన్ని పట్టుకుని సిద్ధాంతం చెయ్యను. కానీ ఇరవై మూడు లక్షలు అన్న అంకె మూడు రకాల సరుకును ఒకే సంచిలో పోసి కట్టిన మూట అని ఆ రోజే తెలిసింది.

ఈ అలవాటు మనకు ఎక్కడినుంచి వచ్చిందో ఊహించగలను. మనకు చేపసీడు అంటే కార్పే. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ సూదితో మేజర్ కార్పుల చేత గుడ్లు పెట్టించాడు. ఆ తేదీనే ఇప్పుడు మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ సూదే లేకపోతే ఇవాళ కైకలూరు లేదు, కొల్లేటి చుట్టూ ఆ చెరువులూ లేవు. కార్పు తల్లి వానాకాలంలో ఒక రాత్రి గుడ్లన్నీ ఒకేసారి వదిలేస్తుంది. గుడ్డు బయటికొచ్చాక నీళ్లు తాగి నాలుగైదు మిల్లీమీటర్లకు ఉబ్బుతుంది. అరచేతిలో పోసుకుంటే కంటికి కనబడుతుంది. ఒక సూది, ఒక రాత్రి, ఒక అంకె. ఆ లెక్క అక్కడ చాలావరకు సరిపోయింది. సముద్రపు చేపకు అదే తూకం పెట్టడం దగ్గరే తేడా వస్తోంది.

సముద్రపు చేపల్లోనూ ఒకేసారి పెట్టేసేవి లేకపోలేదు. హెర్రింగ్ అనే చేప అలాంటిదే. ఏడాదికోసారి, ఉన్న జనంతా ఒక్క దెబ్బకు. వేరుశెనగ చేను పీకినట్టు. మిగతా చాలా చేపలది బెండతోట కోత. ఇవాళ కొన్ని, ఎల్లుండి కొన్ని. మధ్యధరా తీరంలో పెంచే సీబ్రీమ్ అనే చేప మూడు నాలుగు నెలలపాటు దాదాపు ప్రతిరోజూ గుడ్లు పెడుతుంది. ఆ లెక్కన సీజను ముగిసేసరికి తన బరువును మించిన గుడ్లు పెడుతుందంటే నమ్మబుద్ధి కాదు. మన పండుగప్ప సూది వేసినప్పుడు రెండు మూడు రాత్రులు వరసగా పెట్టి ఆగుతుంది. ట్యాంకులో బాగా అలవాటుపడ్డవైతే నెలనెలా అమావాస్యకో పున్నానికో సూది లేకుండానే పెడతాయి.

బెండతోట పెంచినవాళ్లకు తెలుసు, చివరి కోతల కాయ మొదటి కోతల కాయ కాదు. నార్వేలో బెర్గెన్‌లో ఓలవ్ చెస్బు అనే శాస్త్రవేత్త ట్యాంకుల్లో పెట్టిన కాడ్ చేపల దగ్గర సరిగ్గా ఇదే పట్టుకున్నాడు. ఆ పరిశోధన 1989లో అచ్చయింది. కాడ్ తల్లి రెండు మూడు రోజులకొక విడత చొప్పున నెల దాటి గుడ్లు పెడుతూనే ఉంటుంది. సీజను నడిచేకొద్దీ గుడ్డు సైజు తగ్గుతూ వస్తుంది. ఆ రోజుల్లో తల్లి సరిగా తిండి తినదు. ఒంట్లో దాచుకున్నది కరిగించి గుడ్లు చేస్తుంది. కాడ్ గుడ్డు మామూలుగా 1.2 నుంచి 1.6 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. చిన్నదానికీ పెద్దదానికీ పరిమాణంలో తేడా రెట్టింపుకు పైమాటే. అందరికీ అది కాడ్ గుడ్డే.

ఐస్‌లాండ్‌లో గుడ్రున్ మార్టెయిన్స్‌దొత్తిర్ 1998లో దీనికి ఇంకో ముడి కలిపింది. వయసు ముదిరిన, ఒళ్లున్న తల్లుల గుడ్లు పెద్దవి, వాటి పిల్లలకు బతికే సత్తా ఎక్కువ అని. మన ఇళ్లల్లో తొలి కాన్పుకూ తర్వాతి కాన్పులకూ తేడా చెప్పే ముసలమ్మలకు ఇది వింతగా ఉండదు. కానీ హేచరీలో దీని అర్థం వేరు. ‘ముసలిదైపోయింది, తిండి దండగ’ అని పెద్ద బ్రూడర్లను అమ్మేసే యజమానులను నేను చూశాను. మార్కెట్లో 8 కిలోల పండుగప్పకు ఎంత వస్తుందో వాళ్లకు తెలుసు. అది పెట్టే గుడ్డు ఖరీదు ఎంతో ఎవరూ లెక్కకట్టి చెప్పలేదు.

పండుగప్ప విషయంలో ఇంకో తిరకాసు కూడా ఉంది. అది పుట్టేటప్పుడు ఆడది కాదు. మగదిగా ఎదిగి, కొన్నేళ్లు మగదిగానే గడిపి, ఒళ్లు చేశాక ఆడదవుతుంది. అంటే మన ట్యాంకులో ఉన్న దాదాపు ప్రతి తల్లీ ఒకప్పటి తండ్రి. గ్రూపర్‌ది సరిగ్గా తిరగేసిన కథ. ముందు ఆడది, పెద్దయ్యాక మగది. అందుకే పండుగప్ప హేచరీలో మంచి తల్లి దొరకదు, గ్రూపర్ హేచరీలో మగది దొరకదు. ఒక తల్లిని అమ్మేస్తే ఇంకోటి కొనుక్కోవచ్చులే అనుకునే సరుకు కాదు ఇది. ఆ స్థానానికి ఇంకోటి ఎదగడానికి ఏళ్లు పడుతుంది.

తల్లి ఎంత పెద్దదైతే గుడ్డు అంత పెద్దదని ఆ ఐస్‌లాండ్ మాట నుంచి ఎవరైనా తేల్చుకుంటే పొరపాటు. ఒకే జాతిలో ఆ మాటకు కొంత విలువ ఉంది. జాతులు మారితే ఆ లెక్క చెల్లదు. జపాన్‌లో కిందాయ్ విశ్వవిద్యాలయం 1970లో బ్లూఫిన్ ట్యూనా పెంపకం మొదలుపెట్టి, హేచరీలో పుట్టిన ట్యూనా చేతనే మళ్లీ గుడ్లు పెట్టించేసరికి 2002 అయింది. ముప్ఫై రెండేళ్ల తపస్సు. వందల కిలోలు తూగగల ఆ చేప గుడ్డు ఎంతంటారు? సుమారు ఒక మిల్లీమీటరు. అదే అక్వేరియంలో అరచేతిలో ఇమిడే క్లౌన్ చేప రెండు మిల్లీమీటర్లు దాటిన గుడ్డు పెడుతుంది. కొన్ని వందలే పెడుతుంది, రాయికి అంటించి పెడుతుంది. వారంపాటు తండ్రి పక్కనే ఉండి రెక్కలతో విసురుతూ, చెడ్డవాటిని ఏరేస్తూ కాపలా కాస్తాడు. ట్యూనా లక్షల గుడ్లు నడిసముద్రంలో వదిలి తన దారిన తాను పోతుంది. కొందరు ఒక్క బిడ్డకు ఆస్తంతా రాసిస్తారు, కొందరు పదిమందిని కని ‘ఎవడి అదృష్టం వాడిది’ అంటారు. ఉత్తరాన చల్లటి నీళ్లలో ఉండే హాలిబట్ గుడ్డయితే ఏకంగా మూడు మిల్లీమీటర్లు. పండుగప్ప గుడ్లు అరవైకి పైగా పోస్తే గానీ దాని పరిమాణానికి సరిపోవు. దాన్ని చేత్తో పిండి తియ్యాలి, గుడ్డు పక్వానికొచ్చాక కొద్ది గంటలు ఆలస్యమైతే పనికిరాదు. అక్కడి టెక్నీషియన్లకు నిద్రలుండవని విన్నప్పుడు నా మీద నాకున్న జాలి కాస్త తగ్గింది.

గుడ్డు సైజుతో రైతుకు పనేమిటని అడిగేవాళ్లకు నా జవాబు పిల్ల నోరు. చిన్న గుడ్డులోంచి చిన్న పిల్ల, చిన్న పిల్లకు చిన్న నోరు, చిన్న నోటికి చిన్న తిండి. కోబియా గుడ్డు 1.3 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది, పండుగప్ప గుడ్డుకు దాదాపు అయిదింతల సరుకు. గ్రూపర్ గుడ్డు పండుగప్పంతే, కానీ దాని పిల్ల నోరు మరీ చిన్నది. మామూలు రోటిఫర్ ఆ నోట్లో పట్టదు. రోటిఫర్లలోనే పొట్టి రకం ఏరి పెట్టాలి, లేదా కోపిపాడ్ పిల్లల్ని పెంచి పెట్టాలి. అక్వేరియం వాళ్లు మోజుపడే పసుపు టాంగ్ చేప గుడ్డు 0.7 మిల్లీమీటర్లు. హవాయిలో ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు దాన్ని పిల్లదాకా తెచ్చేసరికి 2015 అయింది. గుడ్లు పెట్టించడం వాళ్లకు ఏనాడో వచ్చు. ఆ నోటికి సరిపడే ముద్ద దొరకడానికే అన్నేళ్లు.

ఇప్పుడు నా మాటకు నేనే అడ్డుచెప్పాలి. పెద్ద గుడ్డంటే మంచి గుడ్డు అని కూడా కాదు. సముద్రంలో తేలే గుడ్డు లోపల తొంభై శాతానికి పైగా నీళ్లే. తల్లి కడుపులో చివరి గంటల్లో ఒక విచిత్రం జరుగుతుంది. పచ్చసొనలోని మాంసకృత్తులు చిన్నచిన్న ముక్కలుగా విడిపోతాయి, ఆ ముక్కలు నీళ్లను లోపలికి గుంజుకుంటాయి. నానబెట్టిన సెనగలా గుడ్డు ఉబ్బి నాలుగైదింతలవుతుంది. ఆ నీళ్లు లోపలికి వెళ్లడానికి గుడ్డు పొరలో ప్రత్యేకంగా నీటి ద్వారాలుంటాయని 2005లో సీబ్రీమ్ గుడ్లలోనే తేల్చారు. లోపలికి చేరేది తల్లి ఒంటి నీరు. చేప ఒంట్లో ఉప్పు సముద్రంలో ఉన్నదానికి మూడో వంతే. లోపల పలచటి నీరు, బయట చిక్కటి ఉప్పునీరు. గుడ్డు తేలేది అందుకే. నూనె బొట్టు వల్ల తేలుతుందని మొదట్లో నేనూ అనుకునేవాణ్ణి. దాని వంతు ఉంది గానీ, పెద్ద వాటా నీళ్లదే.

అందుకే కొలిచేటప్పుడు అడ్డుకొలత ఒక్కటే చాలదు. నూనె బొట్టు ఒకటే ఉందా, చితికి మూడు నాలుగయిందా చూడాలి. మొదటి రెండు మూడు విభజనల్లో కణాలు సమంగా పగులుతున్నాయా, వంకర పోతున్నాయా చూడాలి. తేలినవెన్ని, మునిగినవెన్ని లెక్కపెట్టాలి. ఇది గంట పని. ఈ గంట తర్వాతి నెలరోజుల రోటిఫర్, ఆర్టీమియా, కరెంటు బిల్లు ఖర్చులు తేల్చేస్తుంది.

తేలడం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. బాల్టిక్ సముద్రం సగం మంచినీళ్లలాంటిది. అక్కడి కాడ్ పెట్టే గుడ్డు బయటి సముద్రపు కాడ్ గుడ్డుకంటే పెద్దది. ఎక్కువ నీళ్లు నింపుకుని, ఆ చప్పటి నీటిలో కూడా అడుక్కి పోకుండా నిలుస్తుంది. తరతరాలుగా ఆ నీటికి సర్దుకున్న చేప అది. మన పండుగప్పకు అంత వెసులుబాటు ఉందనుకోవద్దు. గోదావరి వరదొచ్చాక మన తీరంలో ఉప్పు ఎలా పడిపోతుందో బంగాళాఖాతం పక్కన పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పండుగప్ప బ్రూడర్లకూ గుడ్లకూ వెయ్యికి 28 నుంచి 32 పాళ్ల ఉప్పు ఉంచాలని పుస్తకం. వరద రోజుల్లో పైపులో వచ్చే నీళ్లు ఆ మాట వినవు. ఆ వారం పుట్టిన గుడ్లు ట్యాంకు అడుగున తెల్లగా పరుచుకుంటే ‘తల్లి చెడిపోయింది’ అనే హేచరీవాళ్లను విన్నాను. తల్లి బాగానే ఉంది. గుడ్డు మునిగింది, మునిగినచోట ఎయిరేషన్ అందక చచ్చిపోయింది. ఆ రోజు నీటి ఉప్పు ఎంతో పుస్తకంలో రాసి ఉంటే అపవాదు ఆ తల్లి మీద పడేది కాదు.

వేడి మాటా అంతే. పనామా తీరంలో అచోటినెస్ అనే చోట ఒక ట్యూనా ప్రయోగశాల ఉంది. అక్కడి కొలనులో ఎల్లోఫిన్ ట్యూనాలు 1996 నుంచి ఏళ్ల తరబడి దాదాపు రోజూ గుడ్లు పెట్టాయి. ఇన్ని రోజుల లెక్క చేతిలో ఉండడం చాలా అరుదు. నీళ్లు 23 నుంచి దాదాపు 30 డిగ్రీల మధ్య మారుతూ వచ్చాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ గుడ్డు చిన్నదైంది, పిల్లా చిన్నదైంది, పొదిగే సమయమూ తగ్గింది. గుడ్లు పెట్టే గంట కూడా వేడినిబట్టి మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా జరుగుతూ వచ్చింది. అదే జాతి, అదే కొలను. మనకు జనవరి నీళ్లు వేరు, మే నీళ్లు వేరు. మేలో పుట్టిన గుడ్డుకు జనవరి గుడ్డు మేత పట్టిక అంటగడితే పిల్లలు ఎందుకు రాలిపోయాయో ఎవరికీ అంతుబట్టదు.

మేత గురించి ఎక్కువ రాయను, దానిమీద మీ శాఖలో నాకంటే బాగా తెలిసినవాళ్లున్నారు. ఒక్క మాట. సీబ్రీమ్‌లాంటి రోజువారీ తల్లికి ఇవాళ మార్చిన మేత 15 రోజుల్లో గుడ్డు కొవ్వులో కనబడుతుంది. గుడ్లు పెడుతూనే కొత్త గుడ్లకు సొన చేర్చుకునే చేప కాబట్టి. ఏడాదికోసారి పెట్టే చేపకు నెలల ముందు తిన్నది లెక్క. అందువల్ల సీజను మధ్యలో కవళ్ల ధర పెరిగిందని మేత మార్చినా, ఐస్ చాలక చేప మెత్తబడినా, ఆ లోటు గుడ్డులోకే వస్తుంది.

ఇక బందిఖానా సంగతి. సముద్రంలో తనంతట తాను గుడ్లు పెట్టే చేప ట్యాంకులో ఎందుకు ఆగిపోతుంది? జన పెరుగుతుంది, పొట్ట ఉబ్బుతుంది, చివరి మెట్టు దగ్గర నిలిచిపోతుంది. మెదడు కింది గ్రంథిలో హార్మోను తయారై ఉంటుంది గానీ బయటికి వదలదు. మనం వేసే సూది ఆ తలుపు తీసే తాళంచెవి. కార్పు రైతుకు ఓవాప్రిమ్ సూది చేసే పనీ అదే. కానీ తాళం తీసినంత మాత్రాన అన్నీ సవ్యంగా జరగవు. సూది తొందరపడి వేస్తే, అంటే లోపలి గుడ్డు అర మిల్లీమీటరు దరిదాపులకు రాకముందే వేస్తే, కోతకు రాని పంటను కోసినట్టే. స్పెయిన్, పోర్చుగల్ వైపు సోల్ చేపది ఇంకా విచిత్రం. హేచరీలో పుట్టి పెరిగిన సోల్ తల్లులు గుడ్లు పెడతాయి. కానీ హేచరీలో పుట్టిన మగవాటికి సరసం రాదు. సముద్రంలో పట్టి తెచ్చిన మగవాటికి వస్తుంది. ఫలితం, లక్షల గుడ్లు, ఒక్కటీ కట్టదు. మనం కూడా ట్యాంకులో పుట్టిన పండుగప్పల్నే రేపటి బ్రూడర్లుగా పెంచబోతున్నాం కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకోవడం మంచిది.

ఇదంతా ఇప్పుడే మీకు ఎందుకు రాస్తున్నానంటే, సీడు తియ్యడం రాని కాలం వెళ్లిపోయింది. పండుగప్ప చేత చెన్నై దగ్గర సీబా అనే కేంద్ర పరిశోధన సంస్థ వాళ్లు 1997లోనే గుడ్లు పెట్టించారు. తమిళనాడులోని మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వాళ్లు 2010లో కోబియా, 2011లో పాంపనో సాధించారు. మన విశాఖలోని వాళ్ల కేంద్రంలోనే గ్రూపర్ పిల్లలూ, ఇండియన్ పాంపనో పిల్లలూ వచ్చాయి. దేశంలో మొదటి నడిసముద్రపు పంజరం వేసింది కూడా 2007లో విశాఖలోనే. కేంద్ర పథకాల డబ్బు హేచరీలకు వస్తోంది. ఇకమీద కొత్త హేచరీ ప్రతి ఒక్కటీ ఏడాదికి ఎన్ని లక్షల సీడు అన్న ఒక్క గడితో మొదలైతే, మా యజమాని బోర్డుమీద రాసిన ఇరవై మూడు లక్షలు రాష్ట్రమంతా పాకుతాయి.

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ప్రభుత్వ సాయం పొందే ప్రతి సముద్ర చేపల హేచరీలో గుడ్లు పెట్టిన ప్రతి రాత్రికీ విడిగా ఒక వరస రాయించండి. ఏ తల్లి, ఎన్నో రాత్రి, ఆ రోజు నీటి వేడి, ఉప్పు, గుడ్డు అడ్డుకొలత, నూనె బొట్టు కొలత, తేలినవి నూటికెన్ని, పగిలి పిల్లయినవి నూటికెన్ని. మైక్రోస్కోపు ప్రతి హేచరీలోనూ ఉంది. కంటిచోట పెట్టే కొలత గాజుబిళ్ల ఒకటి కొనాలి, అంతే. రైతుకిచ్చే బిల్లుమీద ఆ వరస నంబరు ఉండాలి. ఇవాళ రైతుకు కనబడేది ఆక్సిజన్ సంచిలో అంగుళం పిల్ల. అది మొదటి రాత్రి గుడ్డో, మూడో రాత్రి గుడ్డో అతనికి తెలిసే దారి లేదు. చెరువులోకి వదిలాక పెద్దవి చిన్నవాటిని మింగడం మొదలెట్టాక ‘సీడు మంచిది కాదు’ అంటాడు, హేచరీవాడు ‘నీ చెరువు మంచిది కాదు’ అంటాడు. ఈ పంచాయితీల్లో నేను కూడా చాలాసార్లు కూర్చున్నాను. పండుగప్ప పండుగప్పను తినడానికి సైజు తేడా ఎంతో అక్కర్లేదు. ఆ తేడాకు మేతా, గ్రేడింగూ కారణాలే, కానీ గుడ్డునాటి తేడా ఎంత మోసుకొచ్చిందో చెప్పడానికి మా దగ్గర ఎప్పుడూ కాగితం లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం బతిమాలుకుంటున్నాను. ఈ కొలతను టార్గెట్ చెయ్యకండి. ‘గుడ్డు 0.80 ఉండాలి, లేకుంటే బిల్లు ఆపుతాం’ అని సర్క్యులర్ వెళ్లిందా, మర్నాటినుంచి రాష్ట్రంలోని ప్రతి పండుగప్పా 0.80 గుడ్డే పెడుతుంది. కాగితంమీద. మూడో రాత్రి గుడ్లు ఎవరూ కొలవరు, కొలిచినా రాయరు. చిన్న గుడ్డు తప్పు కాదు. మే నెల గుడ్డు చిన్నదిగానే ఉంటుంది, మూడో రాత్రి గుడ్డు కూడా. ఉన్నదాన్ని ఉన్నట్టు రాసిన హేచరీకి ఏ కష్టమూ రాకూడదు. నాలుగైదేళ్లు అలా రాస్తే మన నీళ్లలో, మన వేడిలో, మన చేప గుడ్డు ఏ నెలలో ఎలా ఉంటుందో చెప్పే పుస్తకం మనకే తయారవుతుంది. అచోటినెస్ వాళ్లకు ఉంది, బెర్గెన్ వాళ్లకు ఉంది.

వీలైతే ఒక అమావాస్యకు ఈ తీరానికి రండి. మా కుర్రాడే ఇప్పుడు ఒక హేచరీ చూసుకుంటున్నాడు. సాయంత్రం ఆరున్నరకల్లా వస్తే చాలు. కారు దూరంగా ఆపించండి, తలుపు చప్పుడుకు తల్లి బెదురుతుంది. టార్చి నీళ్లమీదికి నేరుగా వెయ్యొద్దు. వాసన మొదట మీకే తెలుస్తుంది. పొద్దున్న మైక్రోస్కోపు కింద యాభై గుడ్లు పెడతాం, కొలిచేది మీరు, రాసేది నేను. మీ కళ్లద్దాలు మర్చిపోకండి.

ఇట్లు,
మీ విధేయుడు,
కాకినాడ తీరంలో ఒక పాత హేచరీ టెక్నీషియన్